ఇల్లాలికి చట్టం: షేరు కాగితం బీరువాలోనే ఉంది, మరి వాటా?

"ఇక్కడో సంతకం పెట్టు" అని ఆయన అంటే, ఏమిటని అడక్కుండా పెట్టేసిన కాగితాలు మన బీరువాల్లో చాలానే ఉంటాయి. చీరల కింద దాచిన ఆ కాగితాల్లో షేరు సర్టిఫికెట్టు ఉందేమో ఒకసారి చూడండి.

బాలానగర్ పారిశ్రామికవాడలో ఇద్దరు అన్నదమ్ములు కలిసి పెట్టిన వర్క్‌షాపు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయిందనుకుందాం. మొత్తం 10,000 షేర్లు. అన్నవి 6,000, తమ్ముడివి 4,000. తమ్ముడు హఠాత్తుగా పోయాడు. అతని భార్య వాటా సంగతి అడిగితే, "ఈ లెక్కలన్నీ నీకెందుకమ్మా? పిల్లల చదువులు నేను చూసుకుంటాగా" అన్నారు బావగారు. మంచి మాటే! కానీ ఆమెకు కబురైనా చెప్పకుండా 50,000 కొత్త షేర్లు తన పేరనే రాసుకుంటే? ఆమె 4,000 షేర్లు ఎక్కడికీ పోలేదు. నూటికి 40 వంతులున్న వాటా మాత్రం 7 వంతులు కూడా లేకుండా పోయింది. పులుసులో బిందెడు నీళ్ళు పోసినట్టే కదూ!

"వాళ్ళది మెజారిటీ, మనమేం చేస్తాం?" అని ఊరుకోకండి. 2013 కంపెనీల చట్టం 62వ సెక్షన్ ప్రకారం, ఉన్న వాటాదారులందరికీ వారి వారి వాటాను బట్టి కొత్త షేర్లు ఇవ్వజూపడం సాధారణ నియమం. సభ్యులకు అన్యాయం జరిగేలా కంపెనీని నడిపితే 241వ సెక్షన్ కింద నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. హైదరాబాద్‌లోనే బెంచి ఉంది. షేర్ మూలధనంలో పదోవంతు ఉన్నవారు అర్జీ పెట్టవచ్చు. అంతకు తగ్గినా ఆ పరిమితిని సడలించే అధికారం ట్రిబ్యునల్‌కుంది.

"నా పేరు రిజిస్టరులోనే ఎక్కలేదే?" అంటారా? వరల్డ్ వైడ్ ఏజెన్సీస్ కేసులో ఇదే ప్రశ్న వచ్చింది. పోయిన వాటాదారు వారసులు, తమ పేరు ఇంకా రిజిస్టరులో ఎక్కకపోయినా, ఇలాంటి అర్జీ పెట్టవచ్చని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. అలాగే కేరళలోని ఒక హోటల్ కంపెనీలో మేనేజింగ్ డైరెక్టర్ గుట్టుగా తనకు తానే షేర్లు కేటాయించుకుంటే, 2004లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మన సత్యం కంప్యూటర్స్ కుంభకోణంలో 2009 జనవరిలో కేంద్రం కంపెనీ లా బోర్డును ఆశ్రయించిందీ పాత చట్టంలోని ఈ కోవ సెక్షన్లతోనే.

అయితే ఒక ఏడు డివిడెండ్ ఇవ్వలేదనో, వ్యాపారంలో నష్టం వచ్చిందనో పరుగెత్తితే లాభం లేదు. అన్యాయం కాగితాల మీద కనబడాలి. అందుకని ముందు ఇవి చేయండి.

* వారసత్వ పత్రాలు జతచేసి, షేర్లు మీ పేర మార్చమని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. రసీదు పారేయకండి. అన్నీ సరిగా ఉంటే నెలలోపు మార్చాలి. కాదంటే ట్రిబ్యునల్‌లో అప్పీలుంది, దానికీ గడువుంది.

* కంపెనీ దాఖలు చేసిన పత్రాలను కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ వెబ్‌సైట్లో రుసుము కట్టి చూడవచ్చు. కొత్త షేర్లు ఎవరికి, ఎప్పుడు ఇచ్చారో అక్కడ తెలుస్తుంది.

* బావగారు తెచ్చారు కదా అని ఖాళీ కాగితాల మీద, షేర్ల బదిలీ ఫారాల మీద సంతకం చేయకండి.

బంధుత్వం తెంచుకోమని నేననడం లేదు. సరైన ధర కట్టించి మీ వాటాను వాళ్ళే కొనేలా ఉత్తర్వు ఇచ్చే అధికారం కూడా ట్రిబ్యునల్‌కుంది. మంచి వకీలును పెట్టుకుని ముందు ఆ మాట బావగారితోనే కదిపి చూడవచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి.

ఇక ఆయన నిక్షేపంగా ఉన్న ఇళ్ళలో చేయాల్సిన పని ఒకటే. ఈ రాత్రి భోజనాలయ్యాక, "మనకి ఎన్ని షేర్లున్నాయండీ? నామినీగా ఎవరి పేరు రాశారు?" అని అడగండి. అశుభమనుకోకండి. పోపులపెట్టెలో ఏది ఎంతుందో తెలిసిన మనకి ఇదీ తెలియాలి కదా!