రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకే బ్రేక్ ప్యాడా?

రేసు పోటీలు లేని రోజుల్లో రేసింగ్ ట్రాక్‌ను నిర్ణీత రుసుముపై మామూలు కార్ల యజమానులకు తెరిచి, పోటీతో నిమిత్తం లేకుండా తమ కారును వేగంగా నడుపుకొనే వీలు కల్పించే ఏర్పాటును ట్రాక్ డే అంటారు. చెన్నై–బెంగళూరు జాతీయ రహదారి పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.717 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే, 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ పోటీలు జరిగిన గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ సర్క్యూట్ మన దేశంలో పేరున్న ట్రాక్‌లు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది గానీ, అది నగర వీధులను కొద్దిరోజులు మూసి వేసిన ట్రాక్ మాత్రమే. అందుచేత హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు ప్రాంతాల ఔత్సాహికులలో ఎక్కువమందికి చెన్నై ట్రాకే దిక్కు. వీరిలో అధికశాతం కారును వేరే వాహనం మీద ఎక్కించి పంపరు. తామే నడుపుకుంటూ వెళ్లి, ట్రాక్ మీద తిప్పి, అదే కారులో తిరిగివచ్చి, సోమవారం ఉదయం దానిలోనే ఆఫీసుకు వెళతారు. బ్రేక్ ప్యాడ్ల ఎంపికలో అసలు చిక్కంతా ఈ రానూపోనూ ప్రయాణంలోనే ఉంది.

బ్రేకు చేసే పని కారు వేగాన్ని వేడిగా మార్చడం. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి, అంటే కదలిక వల్ల దానికి వచ్చిన శక్తి, సుమారు 4 లక్షల 63 వేల జౌళ్లు ఉంటుంది. గాలి నిరోధాన్నీ ఇంజిన్ నిరోధాన్నీ పక్కనపెట్టి చూస్తే, కారు ఆగేలోగా ఈ శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు మొగ్గుతుంది కనుక దీనిలో 70 శాతం ముందు చక్రాల వాటాకు వస్తుందనీ, ముందు చక్రాలతోపాటు తిరిగే, ప్యాడ్లు నొక్కి పట్టే రెండు ఇనుప డిస్కులు ఆరేసి కిలోలు తూగుతాయనీ అనుకుంటే, ఆ ఒక్క బ్రేకుతో వాటి ఉష్ణోగ్రత 55 డిగ్రీల పైచిలుకు పెరుగుతుంది. ఊళ్లో ఇది పెద్ద లెక్కలోకి రాదు, ఎందుకంటే మళ్లీ అంత గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చేలోపు డిస్కు చల్లబడుతుంది. ట్రాక్ మీద సంగతి వేరు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి, అదే కారును 160 నుంచి 70కి దించిన ప్రతిసారీ డిస్కుల వేడి సుమారు 115 డిగ్రీలు పెరుగుతుంది; అది పూర్తిగా చల్లారకముందే తరువాతి మలుపు వస్తుంది, ఆ తరువాత ఇంకొకటి. ఈ విధంగా ఊళ్లో 200 డిగ్రీలు అరుదుగా దాటే డిస్కు, ట్రాక్ మీద కొన్ని ల్యాపులు తిరిగేసరికి 500 డిగ్రీలను కూడా దాటగలదు.

ఈ రెండు ఉష్ణోగ్రతల దగ్గరా ఒకేలా పనిచేసే పదార్థాన్ని తయారుచేయడం మొదటినుంచీ కష్టంగానే ఉంది. బండి చక్రాలను ఆపడానికి చెక్క దిమ్మెలకు పాత బూట్ల తోలు కొట్టి వాడే రోజుల్లో, 1897లో, ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ అంతకంటే మన్నికైన ఘర్షణ పదార్థం కోసం ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఫెరోడో కంపెనీకి మూలం అదే. ఆ తరువాత దశాబ్దాలపాటు వేడిని ఓర్చే నారగా ఆస్‌బెస్టాస్ రాజ్యమేలింది, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలాక అనేక దేశాల్లో నిషేధానికి గురైంది. నేటి ప్యాడ్ ఒక ఉక్కు పలక మీద అతికించిన మిశ్రమం. దానిలో నారలు, లోహపు పొడులు, గ్రాఫైట్, గట్టి ఖనిజ రేణువులు ఉంటాయి. వీటన్నిటినీ పట్టి ఉంచేది ఫినాలిక్ రెజిన్ అనే జిగురు. లోహం తక్కువగా ఉండే ఆర్గానిక్ ప్యాడ్లు, సెరామిక్ పేరుతో అమ్మే ప్యాడ్లు చప్పుడు లేకుండా, డిస్కును అరగదీయకుండా, చక్రానికి నల్లటి పొడి పట్టించకుండా పనిచేస్తాయి గానీ తీవ్రమైన వేడికి త్వరగా లొంగిపోతాయి. ఉక్కు నార, ఇనుప పొడి ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేడిని బాగా తట్టుకుంటాయి, బదులుగా కీచుమంటాయి, పొడి రాలుస్తాయి, డిస్కును తింటాయి. ఏ కంపెనీ అయినా తన మిశ్రమం పాళ్లను బయటపెట్టదు కాబట్టి డబ్బామీది రకం పేరు ఒక సూచన మాత్రమే అవుతుంది.

వేడి హద్దు దాటినప్పుడు బ్రేకు పట్టు తగ్గడాన్ని ఫేడ్ అంటారు. ఇది రెండు దారుల్లో వస్తుంది, రెండింటినీ డ్రైవరు పాదమే వేరువేరుగా గుర్తిస్తుంది. మొదటిది ప్యాడ్ వల్ల వచ్చేది: రెజిన్ కాలిపోయి వాయువులు వెలువడతాయి, మిశ్రమం ఘర్షణ గుణకం, అంటే డిస్కును ఎంత బలంగా పట్టుకోగలదో చెప్పే సంఖ్య, ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం తగ్గదు. రెండోది బ్రేక్ ఆయిల్ వల్ల వచ్చేది: వేడి ప్యాడ్ నుంచి, దాన్ని డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లోని పిస్టన్‌కూ, అక్కడి నుంచి ఆయిల్‌కూ చేరి దాన్ని మరిగిస్తుంది, ద్రవం నలగదు గానీ ఆవిరి నలుగుతుంది కనుక పెడల్ మెత్తబడి నేల దాకా దిగిపోతుంది. ట్రాక్‌కు కొత్తవారిని భయపెట్టే అనుభవం సాధారణంగా ఈ రెండోదే, కాగా దీన్ని ఎంత ఖరీదైన ప్యాడ్ అయినా ఆపలేదు. పైపెచ్చు సగానికిపైగా అరిగిన ప్యాడ్, పలుచన కావడం వల్ల, ఆయిల్‌కు వేడిని మరింత త్వరగా అందిస్తుంది.

అందువల్ల ప్యాడ్ల మాట ఎత్తేముందు ఆయిల్ మాట తేల్చాలి. సాధారణ బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ ఆధారితం, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అమెరికా ప్రమాణం ప్రకారం డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అదే ఆయిల్‌లోకి 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చు. డాట్ 5.1 రకానికి ఈ అంకెలు 260, 180. మన కోస్తా ఊళ్ల తేమలో రెండు మూడేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కు వెళ్లడమంటే కొత్త సీసాకు ఇచ్చిన హామీలో డెబ్బై ఎనభై డిగ్రీలు ఇంటిదగ్గరే పోగొట్టుకుని బయలుదేరడం. పాత ఆయిల్ తీసి, నాలుగు చక్రాల దగ్గరా గాలి పోయేదాకా బ్లీడింగ్ చేయించి, కొత్త డాట్ 4 లేదా 5.1 నింపించడానికి అయ్యే ఖర్చు పేరున్న ప్యాడ్ల జత ధరతో పోల్చదగినది కాదు. పేరులో దగ్గరగా కనిపించే డాట్ 5 సిలికాన్ ఆయిల్ మాత్రం పూర్తిగా వేరే పదార్థం. దీన్ని వీటితో కలపకూడదు.

ఇక ప్యాడ్ల విషయానికి వస్తే, వేడికి లొంగని రేసు ప్యాడ్‌నే బిగించుకుంటే రెండు అవసరాలూ తీరుతాయన్న భావన ఔత్సాహికుల్లో బలంగా ఉంది. ఇది ప్రమాదకరమైన పొరపాటు. పూర్తి రేసు మిశ్రమాలను 200 డిగ్రీల పైన పట్టు నిలిచేలా రూపొందిస్తారు. చల్లగా ఉన్నప్పుడు వాటిలో చాలావాటి పట్టు కారు కంపెనీ బిగించి ఇచ్చిన ప్యాడ్ కంటే తక్కువగా ఉంటుంది, అదీ ఒక్కో బ్రేకుకు ఒక్కో విధంగా ఉంటుంది. ట్రాక్ మీద డ్రైవరుకు ప్యాడ్లు వేడెక్కించుకోవడానికి ఒక ల్యాపు ఉంటుంది, పట్టు తగ్గితే వేగం తగ్గించుకుని పిట్‌లోకి వచ్చే స్వేచ్ఛా ఉంటుంది. ఊళ్లో ఇంటి గేటు దాటిన నిమిషానికే స్కూలు పిల్లవాడు సైకిలు మీద అడ్డం రావచ్చు. ఔటర్ రింగ్ రోడ్డుమీద అరగంట బ్రేకు ముట్టకుండా వచ్చాక, వానలో తడిసి చల్లబడిన డిస్కుతో, ముందు లారీ ఉన్నట్టుండి ఆగవచ్చు. ఆ మొదటి బ్రేకుకు రెండో అవకాశం ఉండదు. కాబట్టి రెండు పనులూ చేయవలసిన కారుకు ప్యాడ్‌ను ట్రాక్ మీది అతివేడి బ్రేకును బట్టి కాక, రోడ్డు మీది అతిచల్లని బ్రేకును బట్టి ఎంచుకోవాలి. చల్లటి పట్టు ఖాయమైన తరువాతే, ఆ హద్దులోపల ఎంత వేడిని ఓర్చే ప్యాడ్ దొరుకుతుందో వెతకాలి.

వెతకడానికి డబ్బామీది అక్షరాలు అంతగా సాయపడవు. ప్యాడ్ అంచున లేదా ఉక్కు పలక మీద ఎఫ్ఎఫ్, జిఎఫ్ వంటి రెండక్షరాల గుర్తు చాలా వాటికి ఉంటుంది. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం పద్ధతిలో మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకాన్నీ, రెండోది అధిక వేడిలో దాన్నీ తెలుపుతాయి: ఇ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. అయితే ఈ పరీక్షను రెండున్నర సెంటీమీటర్ల చదరపు ముక్కతో యంత్రం మీద జరుపుతారు, దీనిలో అత్యధిక ఉష్ణోగ్రత సుమారు 343 డిగ్రీలు. ట్రాక్ మీది కష్టం మొదలయ్యే చోటికి ఈ పరీక్ష ముగిసిపోతుంది. అంగడిలో ఎఫ్ఎఫ్ గుర్తున్న రెండు ప్యాడ్లలో ఒకటి నాలుగు ల్యాపులకే చేతులెత్తేయవచ్చు, మరొకటి పూటంతా నిలబడవచ్చు. ఐరోపాలోని ఆర్90 నిబంధన ఒక మేరకు మేలు, ఎందుకంటే దాని ప్రకారం మార్పిడి ప్యాడ్ పనితీరు అసలు ప్యాడ్‌కు 15 శాతం లోపు తేడాతోనే ఉండాలి. రోడ్డు మీది పట్టుకు ఆ గుర్తు ఒక భరోసా. రేసు కోసమే చేసిన అనేక ప్యాడ్లకు ఆ గుర్తు ఉండదన్నది కూడా గమనార్హం.

కొనుగోలుదారులు తరచూ మరిచే ఇంకొక సత్యం ఉంది. ఆరోగ్యంగా ఉన్న కంపెనీ బ్రేకులు చక్రాన్ని లాక్ చేయగలవు, అంటే చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ పనిచేసే స్థితికి తేగలవు. ఆ స్థితికి చేరాక కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు తేలుస్తుంది గానీ ప్యాడ్ తేల్చదు. ఖరీదైన ప్యాడ్ ఒక్క బ్రేకు దూరాన్ని తగ్గించదు. ఇరవయ్యో బ్రేకును మొదటి బ్రేకులా ఉంచుతుంది. ముందు చక్రాలకు మాత్రమే బలమైన ప్యాడ్లు వేసి వెనుకవి వదిలేస్తే బ్రేకు భారం మరింత ముందుకు జరుగుతుంది. వెనుకవాటికి మాత్రమే వేస్తే వెనుక చక్రాలు ముందుగా జారి కారు గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. వెనుక డ్రమ్ములున్న చిన్న కార్ల విషయంలో ఈ సమతుల్యం మరీ ముఖ్యం, ముందు ప్యాడ్‌ను ఒక మెట్టు మాత్రమే పెంచడం వాటికి క్షేమం.

కొత్త ప్యాడ్‌ను బిగించిన వెంటనే ట్రాక్ ఎక్కకూడదు. తొలిసారి బాగా వేడెక్కినప్పుడు దానిలో మిగిలిన రెజిన్ వాయువులు వెలువడి పట్టు తగ్గవచ్చు. ఖాళీ రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగం నుంచి 20 దాకా పలుమార్లు క్రమంగా గట్టి బ్రేకులు వేసి, పూర్తిగా ఆపకుండా, ఆ తరువాత బ్రేకు తాకకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లార్చడాన్ని బెడ్డింగ్ అంటారు. దీనితో ప్యాడ్ పదార్థం డిస్కు మీద సన్నని పొరగా సమానంగా పరుచుకుంటుంది. మంచి పట్టు చాలావరకు ఈ పొర వల్లనే వస్తుంది. వేడి డిస్కుతో కారును ఆపి పెడల్ తొక్కిపట్టి నిలిపితే ప్యాడ్ ఉన్నచోట పొర మందంగా అతుక్కుని, తరువాత స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంకరపోయిందని మెకానిక్ తేల్చే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఈ ఎగుడుదిగుడు పొరేనని రేసింగ్ ఇంజినీరు కారల్ స్మిత్ చాలాకాలం క్రితమే వివరించాడు. ట్రాక్ సెషన్ ముగిశాక ఒక ల్యాపు నిదానంగా తిరిగి వచ్చి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో నిలపాలని చెప్పేది ఇందుకే.

వీటన్నిటి దృష్ట్యా, ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లే సాధారణ హ్యాచ్‌బ్యాక్ యజమానికి కొత్త ఆయిల్, సగానికి మించి మందం ఉన్న కంపెనీ ప్యాడ్లు లేదా ఆర్90 గుర్తున్న ఒక మెట్టు మెరుగైన రోడ్డు ప్యాడ్లు, నాలుగైదు ల్యాపులకు ఒకసారి చల్లార్చుకొనే క్రమశిక్షణ సరిపోతాయి. తరచుగా వెళ్లేవారికి, బరువైన శక్తిమంతమైన కార్లున్నవారికి ఒకే ప్యాడ్‌తో రెండు పనులు సాగించే ప్రయత్నం వృథా. ట్రాక్ ప్యాడ్ల జతను డిక్కీలో పెట్టుకుని వెళ్లి, అక్కడ మార్చుకుని, సాయంత్రం రోడ్డు ప్యాడ్లు తిరిగి బిగించుకుని ఇంటిదారి పట్టడమే సరైన మార్గం. పాత మిశ్రమం పొర మీద కొత్త మిశ్రమం సరిగా కుదురుకోకపోవచ్చు కనుక, వీలైతే డిస్కులను కూడా జతగా మార్చాలి, లేదంటే ప్రతిసారీ బెడ్డింగ్ చేయాలి. మన దేశంలోని ప్రామాణిక మోటారు బీమా పాలసీ వ్యవస్థీకృత రేసుల్లో, వేగ పరీక్షల్లో వాహనానికి జరిగే నష్టాన్ని మినహాయిస్తుంది. బయలుదేరేముందు ఆ షరతును కూడా చదువుకోవాలి.

ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఘర్షణ గుణకం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్‌ను పేరున్న రేసు ప్యాడ్ల తయారీదారులు ప్రచురిస్తారు. మన దేశంలో ప్యాడ్లు తయారుచేసే కంపెనీలు కూడా దాన్ని ప్రతి డబ్బామీదా అచ్చువేయాలి. అవి ఆ పని చేసేదాకా కొనేవారే దాన్ని అడగాలి. గ్రాఫ్‌లో 50 డిగ్రీల దగ్గర గీత కారు కంపెనీ బిగించిన ప్యాడ్ గీత కంటే కిందికి ఉంటే, ఆ ప్యాడ్‌ను రోడ్డు మీద వాడే కారుకు బిగించకూడదు.