కొనకుండా కూర్చోవచ్చా?

పోయిన నెల నాన్నని హైదరాబాద్‌లో ఒక మాల్‌కి తీసుకెళ్లా. నేను ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ వేయించుకుని వచ్చేలోపు ఆయన మొక్కల తొట్టి గట్టు మీద కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులు మరి. నిమిషం కాకుండానే సెక్యూరిటీ అబ్బాయి వచ్చేశాడు.

"సార్, ఇక్కడ కూర్చోకూడదు. పైన ఫుడ్ కోర్ట్ ఉంది, అక్కడికెళ్లండి."

అతన్ని అనడానికేం లేదు, అతని డ్యూటీ అతనిది. పైకెళ్లాం. అక్కడ కుర్చీకి డబ్బుల్లేవు గానీ, ఊరికే కూర్చుంటే టేబుల్ తుడిచే వాళ్లు నాలుగుసార్లు వచ్చి తుడుస్తారు. ఆ చూపు మీకూ తెలుసుగా! రెండు కాఫీలు కొన్నాం. 240 రూపాయలు. నాన్న కప్పు వంక చూసి అన్నారు: "అమెరికాలో మాల్‌లో నెలన్నర కూర్చున్నాన్రా. ఒక్కడూ లేవమనలేదు."

ఆ కథేంటంటే... రెండేళ్ల కిందట అక్క పురిటికని అమ్మానాన్నా మినియాపొలిస్ వెళ్లారు. జనవరి నెల. బయట మైనస్ ఇరవై. అమ్మకి మనవరాలితోనే పొద్దుపోయేది. నాన్నకే కాలూ చెయ్యీ ఆడేది కాదు. తెనాలిలో ఆయనకి పొద్దున టీ బంకు, సాయంత్రం స్టేషన్ ప్లాట్‌ఫామ్ బెంచీ ఉండాల్సిందే. అక్కడేమో కిటికీలోంచి మంచు చూడ్డం తప్ప పనిలేదు. వారం తిరక్కుండానే "టికెట్ మార్పించు" అని నాకు ఫోన్.

అప్పుడు బావకో ఐడియా వచ్చింది. ఆఫీసుకెళ్తూ నాన్నని ఒక మాల్ దగ్గర దింపడం మొదలెట్టాడు. దాని పేరు సౌత్‌డేల్ సెంటర్. షాపులు తెరవకముందే పెద్దవాళ్లు బూట్లేసుకుని లోపల రౌండ్లు కొడుతుంటారట. చలిదేశంలో వాళ్లకి అదే వాకింగ్ ట్రాక్. అక్కడ పరిచయమైన ఒక పెద్దాయన నాన్న పుట్టిన సంవత్సరం అడిగి, "అయితే నువ్వూ ఈ మాలూ ఒకే ఏడు పుట్టారు" అన్నాడట.

నాన్న పుట్టింది 1956లో. నేను వెంటనే వెతికా. నిజమే! అంతేకాదు, సౌత్‌డేల్ మామూలు మాల్ కాదు. పైకప్పుతో, ఏసీతో, అన్నీ ఒకే చోట ఉండేలా కట్టిన అమెరికా తొలి షాపింగ్ మాల్ అదే. మనం వీకెండ్‌కి వెళ్లే ప్రతి మాల్‌కీ ముత్తాత అన్నమాట.

మినియాపొలిస్ పక్కన ఎడైనా అనే ఊళ్లో 1956 అక్టోబర్ 8న తెరిచారు. ఖర్చు 2 కోట్ల డాలర్లు. షాపులు 72. బయట 5,000కి పైగా కార్లు పట్టే జాగా. కట్టించింది డేటన్స్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ కుటుంబం. తర్వాత 1962లో టార్గెట్ స్టోర్లు మొదలెట్టిందీ వాళ్లే. అక్కడ చలికాలం గడ్డకట్టిస్తుంది, ఎండాకాలం ఉక్క పోస్తుంది. జనం ఇల్లు కదిలితే కదా కొనేది! అందుకే ఏడాదంతా ఒకేలా వెచ్చగా ఉండే చోటు కట్టారు. మే నెలలో మనం ఏసీ కోసం మాల్‌లో దూరడం లేదూ? అదే లెక్క, కాకపోతే తిరగేసి.

డిజైన్ చేసినాయన విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో ఆస్ట్రియాని హిట్లర్ ఆక్రమించడంతో పారిపోయి అమెరికా చేరాడు. అప్పటిదాకా మాల్ అంటే బయటికి అద్దాలు, బోర్డులు. ఈయన దాన్ని లోపలికి తిప్పేశాడు. మన మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. బయటినుంచి చూస్తే గోడలే, గదులన్నీ మధ్యలో వాకిలి వైపు చూస్తుంటాయి. సౌత్‌డేల్ కూడా అంతే. మధ్యలో పెద్ద ఆవరణ, పైన కప్పులోంచి వెలుతురు, చెట్లు, చేపల కొలను, పక్షుల పంజరం, కాఫీ తాగే చోటు. రెండంతస్తుల షాపులూ ఆ ఆవరణ వైపే చూస్తాయి.

అసలు ఆయన కోరిక షాపులు కాదు. వియన్నాలో వీధి చివర కాఫీ హోటల్, కూడలి, నడక, కబుర్లు. అమెరికా శివార్లలో అవేవీ లేవు. ఇల్లు, కారు, మళ్లీ ఇల్లు. కార్లంటే ఆయనకి చిరాకు. అందుకే డేటన్స్ వాళ్ల 463 ఎకరాల్లో మాల్ చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు, చెరువు అన్నీ కలిపి ఒక ఊరినే గీశాడు. మాల్ ఆ ఊరికి రచ్చబండ.

రచ్చబండ లేచింది, ఊరు లేవలేదు. తర్వాత చుట్టూ ఇళ్లూ ఆసుపత్రీ వచ్చాయి గానీ, ఆయన గీసినట్టు కాదు. ఎవరి పార్కింగ్ వాళ్లది, మధ్యలో పెద్ద రోడ్లు. కారు లేనిదే మాల్‌కి పోలేని పరిస్థితి. దీనికి తోడు 1954లో అమెరికా పన్ను చట్టం మారింది. కొత్త బిల్డింగ్ కడితే దాని ఖర్చుని మొదటి ఏళ్లలోనే ఎక్కువగా తరుగు కింద చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. ఇంకేముంది! అవసరం ఉన్నా లేకున్నా ఖాళీ పొలాల్లో మాల్స్ మొలిచాయి. వాళ్లు ఆయన డిజైన్ తీసుకున్నారు, బెంచీల వెనకున్న ఆలోచన వదిలేశారు. పుండు మీద కారం ఏంటంటే, ఒకటి కొనడానికొచ్చి, లోపల హంగు చూసి, ఆ సంగతే మర్చిపోయి ఏవేవో కొనేయడాన్ని ఇప్పటికీ 'గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్' అంటారు.

1968లో ఆయన వియన్నా తిరిగెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లకి ఆ ఊరి శివార్లలోనే పెద్ద మాల్ తెరిచారు. 1978లో లండన్‌లో మాట్లాడుతూ, ఈ మాల్స్‌కి తండ్రినని తనని పిలిస్తే ఒప్పుకోనని తేల్చేశాడు. 1980లో కన్నుమూశాడు.

కథ అక్కడితో అయిపోలేదు. 1992లో సౌత్‌డేల్‌కి దగ్గర్లోనే మాల్ ఆఫ్ అమెరికా వచ్చింది. ఆ తర్వాత ఆన్‌లైన్ షాపింగ్. అమెరికాలో ఎన్నో మాల్స్ మూతపడ్డాయి. సౌత్‌డేల్ మాత్రం బతకడానికి దారి వెతుక్కుంది. పార్కింగ్ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. జేసీ పెన్నీ స్టోర్ పడగొట్టి, అక్కడ 2019లో జిమ్, ఆఫీసు పనికి సీట్లు అద్దెకిచ్చే చోటు పెట్టారు. అంటే ఇళ్లూ మనుషులూ ఉంటేనే మాల్ బతుకుతుందని అరవై ఏళ్ల తర్వాత ఒప్పుకున్నట్టేగా!

ఇది చదువుతున్న మీలో చాలామంది హాస్టల్లోనో పీజీలోనో ఉంటారు. రూమ్‌లో నలుగురు, బయట ఫుట్‌పాత్ మీద బైకులు. ఫ్రెండ్‌తో మనసు విప్పి గంట మాట్లాడాలంటే ఎక్కడికెళ్తారు? పార్కు ఉంటే అదృష్టం. లేదంటే మాల్, లేదంటే కాఫీ షాప్. రెండు చోట్లా బిల్లు అయ్యేదాకే మన మాట. నాన్న లాంటి వాళ్లకి ఆ బిల్లు కూడా చిన్నతనంగానే ఉంటుంది. డబ్బుల్లేక కాదు, కూర్చోవడానికి టికెట్ ఏంటని.

సౌత్‌డేల్ కూడా వ్యాపారమే, ధర్మసత్రం కాదు. కానీ పొద్దున్నే తలుపు తీసి పెద్దవాళ్లని నడవనిచ్చింది. దాంతో నాన్న టికెట్ మార్పించమనడం ఆపేశారు. ఆ పెద్దాయన ఇప్పటికీ వాట్సాప్‌లో మంచు ఫొటోలు పంపుతాడు. నాన్న తిరిగి మామిడి పూత ఫొటో పంపుతారు.

ఆ రోజు మాల్ బయటికొచ్చాక నాన్న నేరుగా రోడ్డు పక్క టీ బండి దగ్గరికెళ్లి స్టూల్ లాక్కున్నారు. టీ 15 రూపాయలు. తాగడం అయిపోయినా లేవలేదు. బండాయనతో ఊరూ పేరూ మొదలయ్యాయి.

"ఇక్కడా కొన్నాకే కదా నాన్నా కూర్చున్నాం" అన్నా.

"టీ అయిపోయి అరగంటయింది కదరా" అన్నారు.