నాలుగు చక్రాలూ లాగే బండి

మన తెలుగువాళ్ళకి వనభోజనం తెలుసు, వనవాసం తెలుసు. సాయంత్రానికి ఇల్లు చేరితే మొదటిది, పద్నాలుగేళ్ళదాకా చేరకపోతే రెండోది. శనివారం మధ్యాహ్నం బయలుదేరి, రాత్రి గుడారంలో దోమలతో కాపరం చేసి, ఆదివారం సాయంత్రం నడుం పట్టుకుంటూ తిరిగిరావడాన్ని ఏమనాలో మన నిఘంటుకారు లెవరూ చెప్పలేదు. జనం క్యాంపింగ్ అంటున్నారు గనక నేనూ అదే అంటాను. లంబసింగి చలికనీ, వంజంగి మబ్బులకనీ, మారేడుమిల్లి అడవికనీ పిల్లాజెల్లాతో వెళ్ళే కుటుంబాలు యీ నాలుగైదేళ్ళలో బాగా పెరిగాయి. ఆ సరదా వెనకాలే ఇంకో కోరిక బయలుదేరింది. దానిపేరు ఫోర్ బై ఫోర్.

"కార్లన్నిటికీ నాలుగు చక్రాలే కదండీ" అంటారేమో. నాలుగూ వుండడం వేరు, నాలుగూ లాగడం వేరు. మామూలు కారులో ఇంజను రెండు చక్రాలనే తిప్పుతుంది. తక్కిన రెండూ మగపెళ్ళివారి వెంట వచ్చిన చుట్టాల్లాగా దొర్లుకుంటూ వస్తాయి, అంతే. తారురోడ్డు మీద యీ ఏర్పాటుకి వచ్చిన లోటేమీ లేదు. బురదలో, ఇసుకలో, రాళ్ళగట్టు మీద మాత్రం ఆ చుట్టాలు కూడా ఒక చెయ్యి వెయ్యవలసి వస్తుంది.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రు డొకాయన వున్నారు. ఇంతవరకూ ఆయనకి స్కూటరు తప్ప మరో వాహనం లేదు. ప్రావిడెంటు ఫండులో కొంతా, బ్యాంకు అప్పు కొంతా కలిపి కారు కొనాలని నిశ్చయించుకున్నారు. కొంటే ఫోర్ బై ఫోరే కొనాలట. నేను పన్నెండేళ్ళుగా పాత జిప్సీ ఒకటి తోలుతున్నాను గనక, వ్యాకరణం తప్ప ఇంకేమీ తెలియని వాడినైనా యీ విషయంలో నన్ను పండితుణ్ణి చేసేశారు.

"ఏ బండి మంచిది మాస్టారూ?" అన్నారు.

"అది తరవాత. ఏడాదికి ఎన్నిరోజులు రోడ్డు దిగుతారు?" అన్నాను.

లెక్కల మనిషి గనక వెంటనే చెప్పారు. క్యాంపింగుకి పన్నెండు రాత్రులు. అందులో రోడ్డు సరిగా లేనివి మూడో నాలుగో.

కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలంటే, ఆ మూడు రాత్రుల కోసమైతే యీ ఖర్చు దండగ. మనవైపు జనం గుడారాలు వేసుకునే చోట్లకి చివరి కిలోమీటరు మట్టిరోడ్డు వుంటుంది. ఎండాకాలంలోనూ, చలికాలంలోనూ కాస్త ఎత్తుగా వుండే మామూలు కారు మంచి టైర్లతో నిక్షేపంగా వెళుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి బరువెక్కువ, నూనె ఎక్కువ తాగుతుంది, సర్వీసు ఖర్చూ ఎక్కువే. ఆ మాటే చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

అప్పుడు బయటపెట్టారు అసలు సంగతి. అత్తవారి వూరు నల్లరేగడి నేలట. మెయిన్ రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు. వానలు పడ్డాయంటే నాలుగు నెలలూ ఆటో కూడా రానంటుంది. మామగారు ఒంటరిగా వుంటారు, గుండెజబ్బు. క్రితం శ్రావణంలో నెప్పి వస్తే ట్రాక్టరు ట్రాలీలో మంచంవేసి రోడ్డుదాకా తెచ్చారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కంఠం మారింది. క్యాంపింగన్నది కాలేజీలో చెప్పుకోడానికి పెట్టుకున్న పేరన్నమాట. ఇహ వాదించడానికేమున్నది? నల్లరేగడి బురద సంగతి ఎరిగినవాళ్ళు ఎవరూ వాదించరు. అది టైరు గళ్ళలో మెత్తి, నాలుగు చుట్లు తిరిగేసరికి టైరును నున్నటి గుమ్మడికాయను చేస్తుంది.

కొనేవాళ్ళు మొట్టమొదట తెలుసుకోవలసింది, పేరు చూసి మోసపోకూడదని. థార్ అనగానే ఫోర్ బై ఫోర్ అనుకుంటారు. 2023 జనవరి నుంచి వెనక చక్రాలే లాగే థార్ కూడా అమ్ముతున్నారు. ముఖం అదే, ఠీవీ అదే, ధర తక్కువ. అయిదు తలుపుల థార్ రాక్స్ 2024లో వచ్చింది. అందులో నాలుగు చక్రాలూ లాగేది డీజిలు ఇంజనుతోనే దొరుకుతుంది. కాగితంమీద 4 x 4 అన్న అక్షరాలు కంటితో చూడందే అడ్వాన్సు కట్టకండి.

ఆల్ వీల్ డ్రైవ్ అని ఇంకో జాతి వుంది. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా కొన్ని రకాల్లో యిది వుంది. అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకీ శక్తి పంపుతుంది గాని, దీంట్లో లో గేరు పెట్టె వుండదు. లో గేరంటే ఏమిటో చెప్పాలి, ప్రాణం అంతా అందులోనే వుంది. మామూలు గేర్లకి తోడు ఇంకో చిన్నపెట్టె వుంటుంది. దాన్ని "ఫోర్ లో"లో వేస్తే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, బలం మాత్రం రెండింతలు దాటుతుంది. రాళ్ళగట్టు ఎక్కేటప్పుడు ఇంజను గింజుకోదు. నిటారు దిగుడులో బ్రేకు తొక్కకుండా ఇంజనే బండిని పట్టుకుని నడిపిస్తుంది. కొండదారుల్లో బ్రేకు కాలిపోకుండా కాపాడేది యిదే. మంచు దేశాల్లో ఆల్ వీల్ డ్రైవ్ చాలునేమో. మన బురదకీ, వాగుగట్లకీ లో గేరు వున్నదే కొనండి.

ఇంకోమాట. జిమ్నీ, థార్ వంటి బళ్ళలో నాలుగు చక్రాల లివరు పొడి తారురోడ్డు మీద వెయ్యకూడదు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఇంకో దూరం తిరుగుతాయి. మట్టిలోనైతే చక్రం జారి తేడా సర్దుకుంటుంది. తారుమీద జారదు గనక ఆ బిగువంతా లోపలి గేర్లమీద పడుతుంది.

డిఫరెన్షియల్ అన్నది మా మిత్రుడికి సమీకరణంగా కావలసి వచ్చింది. నాకు ఎడ్లబండి తప్ప వేరే ఉపమానం రాదు. కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి బురదలో కూరుకుపోతే రెండోది బలంగా లాగుతుంది కదా. కారు ఇరుసు సరిగ్గా దీనికి ఎదురు. ఒక చక్రం గాల్లో వేలాడుతూ తేలిగ్గా తిరుగుతుంటే, తిప్పుడంతా దానికే పోతుంది. నేలమీద నిలబడి కష్టపడే చక్రం కదలదు. (కొన్ని ఆఫీసుల్లో కూడా యిదే ఏర్పాటు చూస్తుంటాం.) అంచేత నాలుగు చక్రాల బండి కూడా ముందొకటి, వెనకొకటి చక్రం జారితే నిలబడిపోతుంది. దీనికి మందు డిఫరెన్షియల్ లాకు. రెండు చక్రాల్నీ కట్టేసి ఒకటిగా తిప్పుతుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండింటికీ లాకులున్నాయి. థార్ కొన్ని రకాల్లో వెనక దానికి వుంది. జిమ్నీలో లాకు లేదు. జారే చక్రానికి బ్రేకు పట్టించి, రెండోదానికి శక్తి మళ్ళించే ఉపాయం పెట్టారు. మొదటిబండి కొనేవాళ్ళకి అది చాలు.

మొదటి జాబితాలో పెట్టదగినవి ఇవే. జిమ్నీ 2023 జూన్‌లో వచ్చింది. పెట్రోలు ఇంజను, నలుగురు కూర్చోవచ్చు, 1200 కిలోల చుట్టుపక్కల బరువు. తేలిక బండి బురదలో తక్కువ దిగుతుంది, తోసి తియ్యడమూ సులువే. లోటల్లా వెనక సామాను చోటు 208 లీటర్లే కావడం. రెండు పరుపులూ, గుడారమూ పెడితే వంటసామానుకి చోటుండదు. మూడు తలుపుల థార్‌కి నేలనుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు, మంచి బలం. కాని వెనక సీటుకి తలుపు లేదు. గూర్ఖా అడవిదున్న. ఎక్కడికైనా వెళుతుంది, కాని రోజూ కాలేజీకి తోలడానికి ఓపిక కావాలి. ఇసుజు వీ-క్రాస్ మన శ్రీసిటీలో తయారవుతున్నది. వెనక ట్రాలీలో సంసారమంతా సర్దవచ్చు. అయిదు మీటర్ల పైచిలుకు పొడుగు గనక మా మిత్రుడి వీధి మలుపులో తిరగదు. ధరలు నెలనెలా మారేవి, ఇక్కడ రాయను.

సెకండ్‌హ్యాండ్ జిప్సీ సంగతి చాలామంది అడుగుతారు. 1985లో వచ్చి మూడు దశాబ్దాలపైన నడిచిన బండి. ఇష్టం వుండి, మంచి మెకానిక్కు పక్కవీధిలో వుంటే తప్ప వద్దు. ఇంటికి ఒకే బండి అయినవాళ్ళకి అసలే వద్దు. మిలిటరీ వేలంలో కొన్నదని ఎవరైనా అమ్మజూపితే చాసిస్ నెంబరూ, ఆర్.సి. కాగితమూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి.

యీ జాబితా అంతా వాళ్ళింట్లో కూర్చుని చెపుతూంటే ఆయన భార్య కాఫీ తెచ్చి ఒకే మాట అడిగింది.

"అన్నయ్యగారూ, అత్తయ్యగారు దీంట్లోకి ఎలా ఎక్కుతారు?"

ఆయన తల్లిగారికి డెబ్బయి ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళాలి. మూడు తలుపుల బండి ఆ క్షణానే జాబితాలోంచి పోయింది. పత్రికల్లో, ప్రకటనల్లో ముందు కోణం ఎన్ని డిగ్రీలు, వెనక కోణం ఎన్ని డిగ్రీలు అని రాస్తారు. అవసరమే. గట్టు ఎక్కేటప్పుడు బంపరు తగలకుండా చూసేవి అవే. కాని మెట్టు ఎంత ఎత్తున వుందో, పట్టుకోడానికి పిడి ఎక్కడుందో ఎవరూ రాయరు. షోరూముకి వెళ్ళేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దవారిని తీసుకువెళ్ళి ఎక్కించి దింపి చూడండి.

కొన్నాక చేసే తప్పుఖర్చులు చెప్పి తీరాలి. బండి రాగానే ముందు పెద్ద ఇనపకమ్మీలు బిగిస్తారు. వాటిని 2017 డిసెంబరులోనే కేంద్ర ప్రభుత్వం కూడదన్నది. గుద్దుకున్నప్పుడు గాలిసంచీ వేళకి తెరుచుకోకుండా అడ్డం పడవచ్చు. కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పైకప్పుమీద గుడారం, పెట్టెలు, నీళ్ళక్యాన్లు ఎక్కించినకొద్దీ బండి తలబరువై మలుపులో ఒరుగుతుంది. బరువు సామాను కింద, లోపల పెట్టండి.

ఆ డబ్బు టైర్లమీద పెట్టండి. బజారుకీ, మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు చాలు. పెద్దగళ్ళ బురదటైర్లు తారుమీద హోరుమంటాయి, వానలో జారుతాయి. తరవాతది గాలి. తారుమీద ఒక్కొక్క టైరుకి 30 పాయింట్ల ప్రాంతంలో వుంచే గాలిని, ఇసుకలో 15 నుంచి 18కి దించితే టైరు ఒంటెపాదంలాగా పరుచుకుని తేలిపోతుంది. గోదావరి ఇసుకలో నాలుగు చక్రాల బళ్ళు కూడా కూరుకుపోయేది గాలి దించకపోవడం వల్లనే. దించినప్పుడు నెమ్మదిగా వెళ్ళాలి, తారెక్కే ముందు మళ్ళీ నింపుకోవాలి. అందుకు బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు, గాలి చూసే మీటరు, ఒక పార, గట్టి పట్టా, కొక్కేలు, నిండుగా గాలి వున్న స్టెప్నీ. ఇంతే సరంజామా. కూరుకుపోయినప్పుడు యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ గొయ్యి లోతవుతుంది. దిగి తవ్వడమే. లాగే పట్టాని కంపెనీ ఇచ్చిన కొక్కేనికే తగిలించండి. బంపరుకి కట్టి లాగితే ఊడివచ్చిన ముక్క తుపాకిగుండులాగా వస్తుంది. లాగేటప్పుడు పిల్లల్ని దూరంగా నిలబెట్టండి.

ఇహ వాగులు. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్ళలోనూ, గూర్ఖా 700 మిల్లీమీటర్ల నీళ్ళలోనూ దాటగలవని కంపెనీలు చెపుతాయి. ఆ లెక్కని పారే నీళ్ళకి వర్తింపజెయ్యకండి. అడుగు లోతున వేగంగా పారే నీరు చిన్నకారుని తేల్చెయ్యగలదు. రెండడుగులైతే పెద్దబళ్ళని కూడా తోసుకుపోతుంది. నాలుగు చక్రాలు లాగడానికి ముందు నేల తగలాలి కదా! పైన కొండల్లో పడ్డ వాన గంట తరవాత మీ వాగులోకి వస్తుంది, మీ నెత్తిన మాత్రం ఎండ కాస్తూనే వుంటుంది. అంచేత వాగు ఇసుకలో గుడారం ఎప్పుడూ వెయ్యకండి. నీళ్ళు ఇంజనులోకి పోతే ఆ నష్టం మామూలు ఇన్సూరెన్సులో సాధారణంగా రాదు, ఇంజను రక్షణ అని విడిగా కట్టాలి. మా మిత్రుడితో ఒట్టు వేయించుకున్నాను. మామగారికి నెప్పి వచ్చిన రాత్రి దారిలో వాగు పొంగితే బండి ఇవతలే ఆపాలి, అవతలివైపు ట్రాక్టరుని సిద్ధం చేసుకోవాలి. వూళ్ళో ఇద్దరు ట్రాక్టరువాళ్ళ ఫోను నెంబర్లు గోడమీద రాయించారు.

అడవి కూడా మన పెరడు కాదు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీచట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలకి 1972 చట్టం ఇంకా గట్టిది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో అమ్రాబాద్ పులుల అడవి గుండా రాత్రి 9 నుంచి వుదయం 6 దాకా బళ్ళు వదలరు. అనుమతి వున్న చోట, అటవీశాఖవారు చూపించిన స్థలంలోనే దిగండి.

క్రితం ఆదివారం తల్లిగారిని కూడా తీసుకుని షోరూముకి వెళ్ళారు. ఆవిడ జిమ్నీలో ఒక్క ఊతతో ఎక్కారట. రాక్స్‌లో మనవరాలు చెయ్యి పట్టుకోవలసి వచ్చిందట గాని, కూర్చున్నాక దిగనన్నారట. సామాను చోటు, బ్యాంకువాయిదా, పెట్రోలూ డీజిలూ అన్నీ పట్టిక వేసి మా మిత్రుడు ఇంకా కూడుతున్నారు. ఏది కొన్నా కంప్రెసరు మరిచిపోవద్దన్నాను. పార మాత్రం కొననక్కరలేదుట, మామగారింట్లో రెండున్నాయట.