ఎలుగును చంపితే చేను దక్కదు

నల్లమల అంచున ఎవరిమీదైనా ఎలుగుబంటి పడిందంటే చాలు, వేట వాదన లేస్తుంది. గుడ్డేలుగులు పెరిగిపోయాయని, వెనకటిలా తుపాకులతో వేటాడనిస్తే తప్ప రైతు బతకడని దాని సారం. దోర్నాల, ఎర్రగొండపాలెం, మాచర్ల వైపు అడవిని ఆనుకుని సేద్యం చేసేవారి భయం నిజమైనదే. దానికి చూపుతున్న మందు మాత్రం తప్పు.

ముందు పంట సంగతి. మన మెట్ట రైతు అప్పు తెచ్చి వేసేది పత్తి, మిర్చి. ఈ రెండూ ఎలుగు తిండి కాదు. అది బతికేది చెదలు, చీమలు, తేనె, తునికి, నేరేడు, రేగుపళ్ల మీద. పైదవడ ముందుపళ్లలో నడిమి రెండూ దానికి ఉండవు. పుట్టను గోళ్లతో తవ్వి, ఆ పళ్ల సందులోంచి చెదలను పీల్చుకుంటుంది. మొక్కజొన్న, వేరుశనగ చేలల్లోకి అప్పుడప్పుడు దిగుతుంది, కాదనను. కానీ రాత్రికి రాత్రి చేనంతా కుళ్లగించేది అడవిపంది. పంది చేసిన నష్టానికి ఎలుగును చంపితే రైతుకు ఒరిగేదేమిటి?

ఇక దాడులు. ఎలుగుకు చూపు, వినికిడి అంతంతమాత్రం. పుట్ట తవ్వే ధ్యాసలో ఉంటే మనిషి దగ్గరికి వచ్చేదాకా పసిగట్టలేదు. పసిగట్టాక బెదిరి మీదపడుతుంది. పిల్లలను వీపున మోసే తల్లయితే మరీ ప్రమాదం. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. వేట కావాలనేవారికి ఇలాంటి ఘటనలే ఆధారం. అయితే ఆ ఎలుగును మత్తిచ్చి పట్టుకున్నది అటవీ సిబ్బంది, వేటగాళ్లు కాదు. పట్టుబడ్డాక అది కూడా చనిపోయింది.

చట్టం రైతు చేతులు కట్టేసిందనడమూ సరికాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఎలుగు ఉంది. అయినా మీదపడ్డప్పుడు ప్రాణరక్షణకు చంపితే నేరం కాదు. మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువును పట్టడం, తరలించడం కుదరకపోతే, చంపేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతించవచ్చు. చట్టం ఆపుతున్నది సరదా వేటను, అంగడి వేటను. దానికి కనీస శిక్ష మూడేళ్ల జైలు.

అంగడి వేట అని ఊరికే అనడం లేదు. ఎలుగు పిత్తాశయానికి దొంగ బజారులో గిరాకీ ఉంది. అందులోని మందుగుణం గల ఆమ్లం ఇవాళ ఫ్యాక్టరీలో తయారై మందుల షాపులో మాత్రగా దొరుకుతోంది. దానికోసం జంతువును చీల్చడం వైద్యం కాదు. వెంట్రుకల తాయెత్తుతో పిల్లల భయం పోతుందనడం మూఢనమ్మకం.

వేట మగతనం అనేవారు ఇది ఆలోచించాలి. గురి తప్పి గాయపడ్డ ఎలుగు పొదలో దాక్కుంటుంది. మర్నాడు దానికి ఎదురయ్యేది తుపాకీ ఉన్నవాడు కాదు, గొడ్లకాపరి, కట్టెలకు వెళ్లిన ఆడమనిషి.

రైతు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వేసవిలో అడవి లోపలే నీటి గుంటలు నింపాలి. దాడి జరిగిన రోజే వైద్యఖర్చు అందాలి. పంట నష్టం తర్వాతి విత్తు లోపే చేతికి రావాలి. పందుల కోసం చేల చుట్టూ కట్టే కరెంటు తీగలు ఎలుగులనే కాదు, పొద్దున్నే నీరు కట్టబోయే రైతులనూ చంపుతున్నాయి. వాటి బదులు సోలారు కంచెకు రాయితీ ఇవ్వాలి. తుపాకీ లైసెన్సు కోసం పెట్టే ఒత్తిడి వీటికోసం పెడితే చేనూ దక్కుతుంది, ప్రాణాలూ దక్కుతాయి.