కృతికన్య

స్కాట్లాండు దేశమున ఫిడేలుపై వాయించు రీలు అను నాట్యపు వరుసలు కలవు. అవి మిక్కిలి త్వరితముగా నడచును. వానిలో పెక్కింటికి ప్రభువుల పేళ్లో దొరసానుల పేళ్లో పెట్టుట ఆచారము. విలియం మార్షల్ (1748–1833) అను ఫిడేలు విద్వాంసుడు గార్డన్ ప్రభువు ఇంట పారుపత్యము చేయుచు, ఆ వంశమువారి పేళ్లను తన వరుసలకు పెట్టెను. వరుసకు మాటలు లేవు గదా! కావున ప్రభువును పొగడుటకు లోపల తావు లేదు. పైనున్న పేరే కానుక. ఆ పేరును స్థిరము కాదు. ఒకే వరుస ఒక పుస్తకమున ఒకరి పేరను, వేరొక పుస్తకమున మరియొకరి పేరను అచ్చగుట కలదు.

మన పదములలో నట్లు సాగదు. మువ్వగోపాలుని పాడిన క్షేత్రయ్య తంజావూరి విజయరాఘవనాయకుని మీదను కొన్ని పదములు చెప్పెను. అచ్చట ప్రభువు పేరు పాటలోనే యున్నది. తీసినచో పాట తెగును.

కావ్యముల సంగతి మరియొకటి. కృతి కన్య, పుచ్చుకొన్నవాడు కృతిపతి. నెల్లూరివారమగు మాకు ఈ మాట ఇంటిమాట వంటిది. 13వ శతాబ్దమున ఇచ్చట నేలిన మనుమసిద్ధి తన మంత్రియగు తిక్కనను "మామా" యని పిలిచెడివాడు. ఆ పిలుపునకు తగినట్లు నీ భారతీకన్యకను నాకిమ్మని యడిగినట్లు నిర్వచనోత్తర రామాయణపు అవతారికయందున్నది. మామ యనిపించుకొన్నవాడు కాదనుట ఎట్లు? ఇచ్చెను. చదువుటకు ముచ్చటగనే యుండును గాని, ఆడుపిల్లల తల్లులకు వేరొకటి తోచును: ఆ పిల్ల నడిగినవారెవరు?

పిదప విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తిక్కన ఏ రాజునకు నీయక హరిహరనాథున కిచ్చెను. ఆ స్వామియు కలలో కనబడి యడిగియే పుచ్చుకొనెను. అంతలో కేతన తన దశకుమారచరిత్రమును తిక్కనకే అంకితము చేసెను. మామగారు తానును అల్లుడైనాడన్నమాట!

మొల్ల మాత్రము తన రామాయణమును ఏ రాజునకు నీయలేదు. కన్యనిచ్చు తండ్రుల నడుమ ఆమె యొక్కతె తల్లి.

సోదరీమణులారా, మన లాలిపాటలకు, మంగళహారతులకు కృతిపతి లేడు. అనేకములకు కట్టినవారి పేరును లేదు. రీలునకు దొరసాని పేరైన మిగిలినది. మేము పాటల పుస్తకము వ్రాసికొనునప్పుడు ప్రతి పాట ప్రక్కను అది నేర్పినవారి పేరును, వారి పుట్టినింటి యూరును వ్రాయుచున్నాము. ఇంతవరకు మా పుస్తకమున నిరువదిమూడు పాటలు చేరినవి. అందు తొమ్మిది మా మేనత్తగారివి.