కోడ్ అందరిదీ, పేరు ఎవరిది?

మా బాలాపూర్ పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది వినాయకుడి లడ్డూ. 1994లో వేలంపాటలో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. బరువు 21 కిలోలు. స్వామి చేతిలో లడ్డూ పెట్టని మండపం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎక్కడా ఉండదు. అదే శనగపిండి, అదే పంచదార, అదే నెయ్యి. అయినా బాలాపూర్ లడ్డూ బాలాపూర్ లడ్డూయే. చేసే పద్ధతి అందరికీ తెలుసు, పేరు మాత్రం ఆ ఊరిది.

లడ్డూకీ నెట్‌వర్క్ స్టోరేజీకీ ఏం సంబంధం అంటారా? ఓపెన్ సోర్స్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్లలో జరిగిన గొడవలన్నీ చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. లైసెన్సు మనకి ఇచ్చేది చేసే పద్ధతిని. పేరుని ఇవ్వదు.

ఫ్రీనాస్ సంగతే చూడండి. పాత పీసీలో నాలుగు డిస్కులు పెట్టి ఆఫీసంతటికీ ఫైల్ సర్వర్‌గా మార్చేసే ఈ సాఫ్ట్‌వేర్‌ని 2005లో ఫ్రాన్స్‌కి చెందిన ఒలివియే కొషార్ లబ్బే మొదలుపెట్టాడు. ఫ్రీబీఎస్డీ మీద, మోనోవాల్ అనే ఫైర్‌వాల్‌ని ఆధారం చేసుకుని. 2009కల్లా దీన్ని డెబియన్ లినక్స్ మీదికి మార్చి మళ్ళీ రాయాలని ఫోల్కర్ టైలె అనే డెవలపర్ అనుకున్నాడు. ఫ్రీబీఎస్డీ వాళ్ళు ఊరుకుంటారా? ఐఎక్స్‌సిస్టమ్స్ అనే అమెరికన్ కంపెనీ ముందుకొచ్చి ఫ్రీనాస్‌ని ఫ్రీబీఎస్డీ మీదే నడుపుతానంది. టైలె తన దారిన తను వెళ్ళి ఓపెన్‌మీడియావాల్ట్ చేశాడు. ఐఎక్స్ వాళ్ళు చాలావరకు తిరగరాసి 2011లో ఫ్రీనాస్ 8 విడుదల చేశారు. పాత ఫ్రీనాస్ 7 కోడే బావుందనుకున్నవాళ్ళు దాన్ని కొనసాగించారు గానీ, ఫ్రీనాస్ అనే పేరు అప్పటికే కంపెనీది. అందుకని 2012లో నాస్‌ఫర్‌ఫ్రీ అని పెట్టుకున్నారు, 2018లో అదీ మార్చి జిగ్మానాస్ అన్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అసలు పాత కోడ్ ఎవరి దగ్గరుందో వాళ్ళకి పాత పేరు లేదు. కొత్త కోడ్ రాసినవాళ్ళ దగ్గర పాత పేరుంది. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు, బీఎస్డీ లైసెన్సు పేరు గురించి ఏ హామీ ఇవ్వలేదు కాబట్టి.

2020లో ఐఎక్స్ వాళ్ళు ఫ్రీనాస్ పేరు తీసేసి, తమ అమ్మకపు సరుకైన ట్రూనాస్ పేరే రెండింటికీ పెట్టారు. ఉచితంగా ఇచ్చేదానికి ట్రూనాస్ కోర్ అని. తర్వాత డెబియన్ మీద నడిచే స్కేల్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో 25.04తో కోర్, స్కేల్ అన్న తేడా కూడా పోయి ట్రూనాస్ కమ్యూనిటీ ఎడిషన్ అయింది. అన్నట్టు, 2009లో ఏ డెబియన్ కోసం చీలిపోయారో చివరికి అదే డెబియన్ మీదికి వచ్చారు. టైలె నవ్వుకునే ఉంటాడు :-)

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటో స్టూడియో నడిపే మా బాబాయ్ దగ్గర ఈ ఫ్రీనాస్ పెట్టెలో పెళ్ళి వీడియోలు టెరాబైట్ల కొద్దీ ఉండేవి. పేరు మారిందని చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇప్పుడు పైసలు కట్టాలారా?" కట్టక్కర్లేదు. పైగా ఆ డిస్కుల్లో ఉన్నది జెడ్‌ఎఫ్‌ఎస్. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ తగిన వెర్షను ఉన్న ఏ లినక్స్‌లో, ఏ ఫ్రీబీఎస్డీలో తగిలించినా పూల్ ఇంపోర్ట్ అవుతుంది. పెట్టె మీద బోర్డు ఏదైనా లోపలి సరుకుకి దారి మూసుకుపోలేదు. అందుకే ఈ పేరుమార్పుని నేను పెద్దగా తప్పు పట్టను. ఫ్రీ అనే పేరు వల్ల కంపెనీలు దాన్ని చవకబారు సరుకనుకునే మాటా నిజమే. ఇంగ్లీషువాడికి స్వేచ్ఛకీ ఉచితానికీ ఒకే మాట అవడం వాడి ఖర్మ. మనకి రెండు మాటలున్నాయి, హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఏకంగా ఆ పేరే పెట్టుకుంది. అయినా మన ఆఫీసుల్లో ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అనే అర్థం!

నా బాధంతా మినియో గురించి. దీని వెనక ఉన్నది గ్లస్టర్‌ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన ఆనంద్ బాబు పెరియసామి. గ్లస్టర్‌ని 2011లో రెడ్ హ్యాట్ సుమారు 13.6 కోట్ల డాలర్లకు కొన్నది. మినియో 2014లో మొదలై అపాచీ లైసెన్సుతో ఊరూరా పాకింది. 2021లో ఏజీపీఎల్‌కి మారింది. మామూలు జీపీఎల్‌లో సాఫ్ట్‌వేర్‌ని వేరొకరికి ఇస్తేనే సోర్స్ ఇవ్వాలి. స్టోరేజీని ఎవరూ ఎవరికీ ఇవ్వరు, నెట్‌వర్క్ మీద వాడనిస్తారు. ఆ సందుని మూసేదే ఏజీపీఎల్: మార్చిన సాఫ్ట్‌వేర్‌ని నెట్‌వర్క్ మీద వాడనిచ్చినా సోర్స్ ఇవ్వాలి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇది న్యాయమే. పెద్ద కంపెనీలు తీసుకుని తిరిగి ఏమీ ఇవ్వకపోతే రాసినవాడు ఏం తిని బతకాలి?

కానీ 2025లో జరిగింది వేరు. మే నెలలో కమ్యూనిటీ వెర్షన్ కన్సోల్ నుంచి అడ్మిన్ సౌకర్యాలు తీసేశారు. అక్టోబరులో డాకర్ ఇమేజిలు, బైనరీలు ఇవ్వడం మానేశారు. సరిగ్గా అప్పుడే ఒక భద్రతా లోపానికి సవరణ వచ్చింది, అదీ సోర్స్ రూపంలోనే. డిసెంబరుకల్లా ప్రాజెక్టు నిర్వహణ స్థితిలోకి వెళ్ళిపోయింది, కొత్త మార్పులేవీ తీసుకోమన్నారు. కంపెనీ అమ్ముకునేదాని పేరు 2024 నుంచే ఏఐస్టోర్.

లైసెన్సు ఉల్లంఘన ఎక్కడా లేదు, కోడ్ ఇప్పటికీ ఏజీపీఎల్ కిందే ఉంది. నాకు అభ్యంతరం ఏంటంటే, ఫ్రీనాస్ వాళ్ళు పేరు మార్చి సరుకుని ఉంచారు, వీళ్ళు పేరు ఉంచి సరుకుని సన్నగిల్లజేశారు. మినియో ఇమేజి లాగుతున్న పైప్‌లైన్లు అలాగే లాగుతూ ఉన్నాయి. ఎర్రర్ రాదు, కొత్త ప్యాచ్‌లూ రావు. పేరు మారి ఉంటే కనీసం బిల్డ్ విరిగి ఎవడో ఒకడు చూసేవాడు.

మా టీంలో ఇప్పుడు దీన్ని తీసేసి ఇంకోటి పెట్టాలనే చర్చ నడుస్తోంది. అపాచీ లైసెన్సుతో ఉన్న సీవీడ్‌ఎఫ్‌ఎస్ వైపు కొందరు, సెఫ్ వైపు కొందరు. ఏది పెట్టినా బైనరీ కోసం ఇంకొకడి మీద ఆధారపడకుండా మన రిజిస్ట్రీలో మన బిల్డ్ ఉండాలన్నాను. దానికి వచ్చిన జవాబు, "అది ఏ ప్రాజెక్టు కోడ్‌కి బిల్ చేస్తాం?" అని. నా లెక్కలో అది ఒక మనిషికి వారానికి అరపూట పని. టైంషీట్‌లో దానికి ఒక వరస ఇప్పించమని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను.