ఉమ్మడి రిటర్నుపై రెండో సంతకం

మన ఇళ్ల నుండి అమెరికా వెళ్లి స్థిరపడిన దంపతులు ఏటా ఏప్రిల్ 15 లోగా ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది. ఆదాయపు పన్ను రిటర్నును ఇద్దరూ కలిసి దాఖలు చేయాలా, ఎవరికి వారుగా చేయాలా అన్నదే ఆ నిర్ణయం. భారతదేశంలో భార్యాభర్తలు ఎవరి రిటర్ను వారే సమర్పిస్తారు గనుక మనకు ఈ ప్రశ్న కొత్తది. డిసెంబరు 31 నాటికి వివాహబంధంలో ఉన్నవారిని అక్కడి చట్టం ఆ ఏడాదంతటికీ వివాహితులుగానే పరిగణిస్తుంది.

2025వ సంవత్సరపు ఆదాయంపై ఉమ్మడి రిటర్నుకు 31,500 డాలర్ల ప్రామాణిక మినహాయింపు ఉంది. విడిగా వేస్తే ఒక్కొక్కరికి 15,750 డాలర్లే. భర్త ఒక్కడే సంపాదించే ఇంట్లో భార్య వాటా మినహాయింపు వృథా అవుతుంది. చదువు ఖర్చులపై పన్ను రాయితీలు, విద్యారుణ వడ్డీపై మినహాయింపు కూడా విడిగా వేసేవారికి దక్కవు. కనుక సాధారణంగా ఉమ్మడి రిటర్నే లాభదాయకం.

అయితే లాభంతో పాటు బాధ్యత కూడా ఉమ్మడిదే. భర్త కొంత ఆదాయం దాచినట్లు తేలితే పన్ను, వడ్డీ, జరిమానా మొత్తాన్నీ భార్య నుండైనా వసూలు చేయవచ్చు. తర్వాత విడాకులైనా ఆ బాధ్యత తొలగదు. ఫారం 8857 ద్వారా ఉపశమనం కోరవచ్చు గాని, సంగతి తనకు తెలియదనీ, తెలిసే అవకాశమూ లేదనీ ఆమె నిరూపించుకోవలసి రావచ్చు.

భార్య స్వదేశంలోనే ఉన్నా, అక్కడ పన్ను నివాసిగా ఉన్న భర్త ఆమెతో కలిసి ఉమ్మడి రిటర్నును ఎంచుకోవచ్చు. అప్పుడు ఇక్కడి ఆమె జీతం, ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ సైతం అక్కడి లెక్కలో చూపాలి. ఒకసారి ఉమ్మడిగా వేశాక, గడువు దాటితే విడి రిటర్నుకు మారే వీలుండదు. విడిగా వేసినవారు మాత్రం సాధారణంగా మూడేళ్లలోగా ఉమ్మడికి మారవచ్చు.

భార్య సంపాదనపై హక్కు ఆమెదేనని మన ధర్మం చెబుతోంది. బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం దంపతుల పరస్పర సంప్రదింపును దివ్య ఖుర్ఆన్ ప్రస్తావించింది. మరి ఇద్దరినీ బాధ్యులను చేసే పత్రం విషయంలో "సంతకం చేయి, మిగతాది నేను చూసుకుంటాను" అన్న మాట ఎలా సరిపోతుంది? రెండు విధాలా లెక్క కట్టించి, ఇద్దరూ కూర్చుని చదివి, ఆ తర్వాతే సంతకం చేయాలని మన బిడ్డలకు మనం చెప్పాలి.